మాన్యుమెంట్ వ్యాలీ: బాబాయి ఒకటంటే సుధ ఒకటంటుంది

అరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దు మీదున్న మాన్యుమెంట్ వ్యాలీ నుంచి ఫీనిక్స్‌కి కారులో అయిదారు గంటల దారి. కయెంటా, ట్యూబా సిటీ, ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా రావాలి. చాలా దూరం ఎర్రనేల, దూరదూరంగా ఇళ్ళు, ఎప్పుడో ఒక పెట్రోలు బంకు. తిరుగు ప్రయాణంలో ఆ దారి పొడుగునా మా ఆవిడ సుధకీ, వాళ్ళ బాబాయికీ వాదం నడిచింది. బాబాయిగారిది తెనాలి. జీతం తీసుకున్నది బ్యాంకులో గానీ ఆయన అసలు ఉద్యోగం సినిమాలు చూడడం. ఫిల్మ్ సొసైటీల కాలంలో 16 ఎం.ఎం. ప్రింట్లు మోసుకు తిరిగిన మనిషి. సుధ భూగర్భశాస్త్రం చదువుకుని, ఇప్పుడు భూగర్భ జలాల మీద పనిచేస్తోంది. బండ కనిపిస్తే ఆమె దాని వయసు చూస్తుంది, ఆయన కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారా అని చూస్తారు. స్టీరింగ్ నా చేతిలో ఉంది కనుక ఆ రోజు నేను నోరు విప్పలేదు. రాసే పని కూడా నాదే కనుక ఇక్కడ మాత్రం అడ్డం వస్తాను.

బాబాయి: ఒక్కటి ఒప్పుకో తల్లీ. జాన్ ఫోర్డ్ అనేవాడు లేకపోతే ఇవాళ మనం ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు.

సుధ: మీరు వచ్చేవారు కాదు బాబాయ్. నేను వచ్చేదాన్ని.

బాబాయి: నువ్వూ రావు. ఈ కొలరాడో పీఠభూమి నిండా ఎర్రరాళ్ళేనని నువ్వే చెప్పావు. వందల మైళ్ళు ఇదే మట్టి. అయినా క్యాలెండర్లకీ, ప్రకటనలకీ ఎక్కినవి ఏవి? ఆ రెండు మిటెన్ బ్యూట్‌లు, పక్కన మెరిక్ బ్యూట్ అనే నిటారు కొండలు. ఈ మూడూ కనిపించే ఫోటో తెనాలిలో ఎవరికి చూపించినా 'కౌబాయ్ సినిమా' అంటారు. ఆ పేరు రాయి సంపాదించుకున్నది కాదు. 1939లో ఫోర్డ్ తీసిన 'స్టేజ్‌కోచ్' సినిమా సంపాదించి పెట్టింది.

సుధ: అంతకుముందు రాయి లేదా?

బాబాయి: ఉంది. చూసినవాడు లేడు.

సుధ: ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ గొర్రెలు కాసుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని కాశారా?

బాబాయి: సరే, మాట దిద్దుకుంటాను. నాలాంటివాడు, నీలాంటిది చూడలేదు. ఆ నేల మనుషులు నవాహోలు చూశారు. వాళ్ళది వాళ్ళు చూసుకోవడం వేరు, లోకానికి తెలియడం వేరు. హ్యారీ గౌల్డింగ్ కథ విన్నావుగా? 1920లలో వచ్చి ఆ లోయ అంచున కొట్టు పెట్టాడు. నవాహోలు ఉన్ని, కంబళ్ళు, వెండి నగలు తెచ్చేవాళ్ళు, పిండీ కాఫీ పట్టుకెళ్ళేవాళ్ళు. మాంద్యం వచ్చింది, వానల్లేవు, కొట్టుకి వచ్చేవాడి చేతిలో పైసా లేదు. 1938లో గౌల్డింగ్ జోసెఫ్ మ్యూంచ్ తీసిన ఫోటోలు చంకన పెట్టుకుని హాలీవుడ్ వెళ్ళాడు. స్టూడియో గుమ్మంలో బైఠాయించి, ఎవరూ లోపలికి రానివ్వకపోతే రాత్రికి ఇక్కడే పడుకుంటానన్నాడు. ఆ ఫోటోలు చివరికి ఫోర్డ్ కంటపడ్డాయి.

సుధ: అది గౌల్డింగ్ చెప్పుకున్న కథ.

బాబాయి: గౌల్డింగ్ చెప్పిందే. ఆ లోయని నేనే కనిపెట్టానని 'స్టేజ్‌కోచ్' హీరో జాన్ వేన్ కూడా అన్నాడు. 1925లో 'ది వానిషింగ్ అమెరికన్' అనే మూకీని అక్కడ కొంత తీశారు కూడా. ఎవడు ముందన్నది నాకు అక్కర్లేదు. ఫోర్డ్ వచ్చాడు, వచ్చినవాడు కూలి ఇచ్చాడు. పస్తులున్న ఊళ్ళో షూటింగ్ అంటే ఏమిటో నీకు తెలీదు. గుర్రం ఉన్నవాడికి గుర్రం కూలి, బండి ఉన్నవాడికి బండి కూలి, ఏమీ లేనివాడికి నడిచినందుకు కూలి.

సుధ: పస్తులు ఎందుకొచ్చాయో కూడా చెప్పండి మరి. కరువు ఒక్కటే కాదు. గొర్రెలు ఎక్కువై నేల కోతకు గురవుతోందని, ఆ మట్టి కొట్టుకుపోయి హూవర్ డ్యామ్‌లో చేరుతుందని 1930లలో ప్రభుత్వం నవాహోల మందల్ని తగ్గించింది. కొన్నిటిని కారుచౌకగా కొంది, కొన్నిటిని అక్కడికక్కడే కాల్చి పారేసింది. నవాహో ఇంట్లో గొర్రె అంటే తిండి, గుడ్డ, కూతురికి ఇచ్చే ఆస్తి. అవన్నీ పోయిన చోటికి ఫోర్డ్ వచ్చాడు. కూలి దొరికిందంటే సంతోషమే. కానీ ఆ కూలి అవసరం ఎలా వచ్చిందో తెలీకుండా ఫోర్డ్‌ని అన్నదాతని చేయకండి.

బాబాయి: గొర్రెల్ని చంపింది ఫోర్డ్ కాదుగా!

సుధ: కాదు. ఆయన కూలి ఇచ్చాడు, సరే. వేషం ఏమిచ్చాడు? 'స్టేజ్‌కోచ్'లో అపాచీలు. 'ది సెర్చర్స్'లో కమాంచీలు. 'షయాన్ ఆటమ్'లో షయాన్‌లు. సొంత ఇంటి ముందు నిలబడి పొరుగువాడి వేషం. ఇక ఆ నేల సంగతి. 'మై డార్లింగ్ క్లెమెంటైన్' కథ టూంబ్‌స్టోన్ ఊళ్ళో జరగాలి. అది అరిజోనా దక్షిణపు కొసన, మెక్సికో దగ్గర. సినిమాలో చూస్తే ఊరి వెనక మాన్యుమెంట్ వ్యాలీ. 'ది సెర్చర్స్' టెక్సాస్ అంటుంది. టెక్సాస్‌లో అలాంటి కొండ ఒక్కటి చూపించండి నాకు.

బాబాయి: కుబ్రిక్ అయితే '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో విమానం మీంచి తీసిన అదే లోయకి రంగులు మార్చి వేరే లోకం చేసేశాడు. ఏమైంది? అదే దాని గొప్ప. మన ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు వేశాడు, కీచకుడు వేశాడు, రావణుడు వేశాడు. ఎన్ని వేషాలు కడితే అంత నటుడు. ఈ లోయ అలాంటి నటుడు.

సుధ: రంగారావుగారి పేరు టైటిల్స్‌లో వేశారు బాబాయ్. ఆయన ఘటోత్కచుడు కాదని టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు. గుర్రాల మీద పరిగెత్తిన నవాహోల పేర్లు టైటిల్స్‌లో వెతకండి చూద్దాం. పైగా వాళ్ళు కమాంచీలు కారని ఎవరికి తెలుసు? మీకు తెలుసా, మొదటిసారి చూసినప్పుడు?

(ఇక్కడ బాబాయిగారు నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండా మళ్ళీ పెట్టేశారు.)

బాబాయి: తెలీదు. తెలియాల్సిన అవసరం ఏముంది? 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది. కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్షన్, ఆరుద్ర రచన. కృష్ణ టోపీ పెట్టుకుని, పిస్తోలు తిప్పుతూ రాజస్థాన్ ఇసుకలో గుర్రమెక్కాడు. తెలుగువాళ్ళ కథకి థార్ ఎడారి ఏమిటని తెనాలిలో ఒక్కడు అడిగాడా? ఈలలు వేశాం. ఆ ఏడాదో ముందు ఏడాదో 'మెకన్నాస్ గోల్డ్' చూసి ఉన్నాం. ఎడారి, గుర్రం, నిధి, పగ ఉంటే చాలు. అది ఏ జిల్లా అని మ్యాపు పెట్టుకుని చూస్తామా?

సుధ: ఆ 'మెకన్నాస్ గోల్డ్'లో నీడ పడే పొడుగాటి రాతి స్తంభం కూడా నవాహో నేల మీదిదే, కాన్యన్ డి షేలో ఉంది. చూశారా, మీరు తెనాలిలో కూర్చుని రెండుసార్లు వాళ్ళ ఇంటికి వెళ్ళొచ్చారు, ఇంటివాళ్ళ పేరు తెలీకుండా. థార్ సంగతి వేరు. రాజస్థాన్ వాళ్ళ గురించి వాళ్ళే రాసుకున్నారు, పాడుకున్నారు, సినిమాలు తీసుకున్నారు. కృష్ణ ఒకసారి గుర్రమెక్కి వెళ్ళిపోతే వాళ్ళకి పోయేది లేదు. ఇక్కడ చాలాకాలం లోకానికి తెలిసిన ఒకే ఒక్క కథ తుపాకీ పట్టుకున్నవాడి వైపు నుంచి చెప్పింది.

బాబాయి: 'ది సెర్చర్స్'ని అలా తీసిపారెయ్యకు. చీకటి గది, తలుపు తెరుచుకుంటుంది, బయట ఎండలో ఆ ఎర్రటి నేల. వింటన్ హోక్ కెమెరా. ప్రపంచ సినిమాలో అలాంటి మొదటి షాట్లు ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. కథేమిటి? తోడబుట్టినవాడి కూతుర్ని కమాంచీలు ఎత్తుకుపోతే పెదనాన్న వరసవాడు ఏళ్ళ తరబడి వెతుకుతాడు. నువ్వు తప్పిపోతే నేనూ అలాగే తిరుగుతాను.

సుధ: ఆయన వెతికింది చంపడానికి.

బాబాయి: చంపలేదుగా! ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు.

సుధ: బాబాయ్, ఆ తలుపు తెరుచుకునే ముందు తెర మీద ఏమని పడుతుంది?

బాబాయి: 'టెక్సాస్, 1868' అని.

సుధ: 1868లో ఆ నేల మీద నిజంగా ఏం జరుగుతోందో తెలుసా? 1863-64లో అమెరికా సైన్యం కిట్ కార్సన్‌ని పంపి నవాహోల పంటలు తగలబెట్టించింది, పీచ్ తోటలు నరికించింది. ఎనిమిది వేల మందికి పైగా మనుషుల్ని న్యూ మెక్సికోలోని బాస్కే రెడోండోకి నడిపించింది. దాదాపు 300 మైళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువ. దారిలోనూ ఆ శిబిరంలోనూ కలిపి రెండు వేల మందికి పైగా పోయారని అంచనా. అక్కడి నీళ్ళు ఉప్పన, వేసిన పంటని పురుగు తినేసింది. 1868 జూన్ 1న ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఇంటికి బయల్దేరారు. దేశంలో ఎన్నో తెగల్ని సొంత నేల మీంచి తోలేసి, మళ్ళీ రానివ్వలేదు. వీళ్ళు తిరిగి వచ్చారు. సినిమాలో తలుపు తెరుచుకున్న ఏడాది, వీళ్ళు నడిచి ఇంటికొచ్చిన ఏడాది ఒకటే. మీ ప్రపంచ ప్రసిద్ధ షాట్‌లో ఆ నడక ఎక్కడుంది?

బాబాయి: ఈ సంగతి నేను ఎప్పుడూ కలిపి చూడలేదు.

సుధ: ఇంకోటి కూడా ఉంది. అందరూ దొరకలేదు. హోస్కినీని అనే పెద్దాయన కొంతమందిని వెంటేసుకుని, మాన్యుమెంట్ వ్యాలీ మీదుగా నవాహో కొండ దాకా ఉన్న గుట్టల్లో దాక్కున్నాడు. కార్సన్ సైన్యం పట్టుకోలేకపోయింది. ఆయన పేరున అక్కడ ఒక మీసా కొండ ఉంది, చూపించాను గుర్తుందా? తుపాకులున్న గుర్రపు దళం ఎర్రకొండల మధ్య 'ఇండియన్ల'ని వెంటాడే సినిమాలు ఎన్నో తీశారు. వెంటాడబడ్డవాడి వైపు నుంచి చూస్తే అదే లోయ తలదాచుకునే చోటు.

(నా మటుకు నాకు ఈ వాదంలో అన్నిటికన్నా బరువైన మాట ఇదే. ఆ తర్వాత ఏమన్నా ఇద్దరూ దీని చుట్టూ తిరిగినట్టే అనిపించింది. బాబాయిగారు మాత్రం అంత తేలిగ్గా లొంగే రకం కాదు. ట్యూబా సిటీ దాటేసరికి మళ్ళీ పుంజుకున్నారు.)

బాబాయి: నీ మాట ఒప్పుకుంటాను. ఇప్పుడు నా మాట విను. పొద్దున లోయలో నువ్వు ఆ బండ మీద చెయ్యి వేసి ఏమన్నావు?

సుధ: డి షే ఇసుకరాయి అన్నాను. 28 కోట్ల ఏళ్ళ కింద అదంతా ఇసుక తిన్నెలు. గాలి తోసిన ఇసుక వాలుగా పేరుకున్న చారలు బండలో ఇప్పటికీ కనిపిస్తాయి. కింద ఆర్గన్ రాక్ అనే మెత్తటి బురదరాయి, పైన షినారంప్ అనే గట్టి గులకరాతి కప్పు. కింది మెత్తటిది తరుగుతుంటే పైది ఆధారం లేక నిలువునా చీలి పడిపోతుంది. అందుకే గోడలు అంత నిటారుగా ఉంటాయి. బల్లపరుపు మీసా తరిగి బ్యూట్ అవుతుంది, బ్యూట్ తరిగి స్తంభం అవుతుంది, స్తంభం ఒకనాటికి పడిపోతుంది. ఎరుపు ఇనుము వల్ల. మీరు ఎడారి అందం అంటున్నది నిజానికి పాత ఎడారి మీద కూర్చున్న కొత్త ఎడారి.

బాబాయి: బాగుంది. ఇందులో మనిషెక్కడ?

సుధ: అంటే?

బాబాయి: ఫోర్డ్ నవాహోని కమాంచీ చేశాడని గంట నుంచి తిడుతున్నావు. ఫోర్డ్ కనీసం మనిషిని పెట్టాడు. నీ 28 కోట్ల ఏళ్ళలో మనిషే లేడు. నీ రాతిపొరల మ్యాపులో గొర్రెల దొడ్డి ఉందా? తూర్పు ముఖంగా గుమ్మం పెట్టుకున్న హోగన్ ఇల్లు ఉందా? సినిమా ఒక చట్రం అయితే సైన్సు ఇంకో చట్రం. చట్రం లేకుండా చూస్తానని ఎవడైనా అంటే నేను నమ్మను. పైగా మీ రాళ్ళవాళ్ళు ఊరికే చూసి వెళ్ళలేదు. ఈ రాళ్ళలోనే యురేనియం ఉందని చెప్పినవాళ్ళు ఎవరు? సినిమావాళ్ళా?

(ఈసారి సీసా మూత తీసింది సుధ.)

సుధ: ఆ మాట పడాల్సిందే. 1944 నుంచి 1986 దాకా నవాహో నేల నుంచి దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. మాన్యుమెంట్ వ్యాలీ చుట్టుపక్కలా గనులున్నాయి. ఫోర్డ్ 'ది సెర్చర్స్' తీసిన 1955 వేసవిలో కొందరు నవాహోలు కెమెరా ముందు గుర్రాల మీదుంటే, కొందరు గనుల్లో ఉన్నారు. ఆ గాలి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. పరిహారానికి చట్టం 1990లో గానీ రాలేదు. వదిలేసిన గనులు ఇప్పటికీ అయిదు వందలకి పైగా ఉన్నాయి. అవును బాబాయ్, ఆ చెడ్డపేరు మా సైన్సుకీ ఉంది.

బాబాయి: మరి సినిమా ఒక్కదాన్నే బోనులో నిలబెడతావేం? సినిమా ఎవడి ఊపిరితిత్తులూ తినలేదు. 'ది సెర్చర్స్' 1956లో వచ్చింది, 1958లో నవాహో కౌన్సిల్ ఈ లోయని తమ గిరిజన పార్కుగా ప్రకటించుకుంది. 90 వేల ఎకరాల పైమాటే. వచ్చే జనం ఏం చూసి వస్తున్నారో వాళ్ళకి తెలుసు. అందుకే లోయలో ఒక చోటుకి జాన్ ఫోర్డ్ పాయింట్ అన్న పేరు అలాగే ఉంచారు. నీకు పడని పేరు వాళ్ళకి పడింది.

సుధ: పేరు ఉంచారు. లోయని ఉంచుకున్నారు కూడా, అది ముఖ్యం. ఆ పార్కు ఫోర్డ్ వరం కాదు, వాళ్ళ నిర్ణయం. కొండలు ఎక్కకూడదు, డ్రోన్లు ఎగరెయ్యకూడదు, మద్యం తేకూడదు, ఇళ్ళ దగ్గర మనుషుల్ని అడక్కుండా ఫోటో తీయకూడదు. ఇప్పుడు సినిమా తీయాలన్నా వాళ్ళ అనుమతి కావాలి. కోవిడ్ రోజుల్లో 2020 మార్చిలో మూసేసి 2021 జూలై దాకా తెరవలేదు. డబ్బు పోతుందని తెలిసే మూశారు.

బాబాయి: జాన్ ఫోర్డ్ పాయింట్ అంటే గుర్తొచ్చింది. అక్కడ గుర్రం మీద కుర్రాడికి డాలర్లిచ్చి నేను ఫోటో తీసుకుంటే నువ్వు మొహం తిప్పుకున్నావు.

సుధ: ఫోటో తీసుకున్నందుకు కాదు. జీపులు కనిపించకుండా ఆ అబ్బాయిని 'ఇంకా ముందుకి, ఇంకా అంచుకి' అని జరిపారు చూడండి, అందుకు. 1956 లాగా కనిపించాలి మీకు. ఆ అబ్బాయి జేబులో సెల్‌ఫోన్ మోగుతోంది, మీరు అది ఆగేదాకా చూసి క్లిక్ చేశారు.

బాబాయి: నాకు కావాల్సింది నేను అడిగాను, ధర అతను చెప్పాడు. నువ్వు సిద్ధాంతం కొద్దీ ఫోటో వద్దన్నావు. ఆ కుర్రాడి ఇంటికి నీ సిద్ధాంతం ఎంత పట్టుకెళ్ళింది?

(ఈ ఒక్క పాయింటు బాబాయిగారిదే. గుర్రం మేపడానికి గడ్డి కొనాలి, ఆ ఎడారిలో గడ్డి అంతగా మొలవదు. జీపులు దాచమన్న మాటకి మాత్రం నేను సుధ పక్కనే ఉన్నాను.)

సుధ: సరే, మన జీపు నడిపిన గైడు ఏమన్నాడు? 'ది సెర్చర్స్' మొత్తం ఎప్పుడూ చూడలేదన్నాడు. మధ్యలో నిద్రొచ్చిందన్నాడు.

బాబాయి: ఆ మాటకి నా గుండె ఆగినంత పనైంది.

సుధ: వాళ్ళ అమ్మమ్మ ఇల్లు చూపించాడు, దూరం నుంచి. పైపు నీళ్ళు లేవు, ట్యాంకరుతో తెచ్చుకుంటారన్నాడు. నా ఉద్యోగం కనుక నాకు అదే బుర్రలో ఉండిపోయింది. ఆ లోయలో ఏడాదికి కురిసేది దాదాపు 200 మిల్లీమీటర్లు. కరువుసీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో 500 పైన పడుతుంది. నవాహో నేషన్, అంటే వాళ్ళ నేల మొత్తం, దాదాపు 71 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి మించి. అందులో దాదాపు మూడో వంతు ఇళ్ళకి కుళాయి లేదు. 2023లో వాళ్ళ దావా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మాకు నీళ్ళు ఎలా తెస్తారో ప్రభుత్వం చెప్పాలన్నారు. ఏ కాగితం పట్టుకుని వెళ్ళారో చెప్పండి.

బాబాయి: 1868 ఒప్పందమా?

సుధ: అదే. ఆ ఒప్పందం ప్రకారం నీళ్ళ కోసం చర్యలు తీసుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదని కోర్టు చెప్పింది, అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు.

బాబాయి: ఊఁ.

(ఫోన్‌లో గడియారం ఒక గంట వెనక్కి వెళ్ళింది. వేసవిలో నవాహో నేషన్ గడియారం ఒక గంట ముందుకి జరుపుకుంటుంది, అరిజోనా రాష్ట్రం జరుపుకోదు. పొద్దున వెళ్ళేటప్పుడు ఆ గంట కలిసింది, ఇప్పుడు తీసేశారు. జీపు టూరు మాట్లాడుకున్నవాళ్ళు ఈ లెక్క చూసుకోకపోతే బండి తప్పిపోతుంది.)

బాబాయి: నువ్వు చెప్పినవన్నీ నిజాలే. కానీ ఎక్కడికైనా వెళ్ళే ముందు కోర్టు తీర్పులు చదివి వెళ్ళమంటావా జనాన్ని? అలా అయితే ఎవడూ గడప దాటడు. ముందు ఒక మోహం ఉండాలి. అది సినిమా పుట్టిస్తుంది. మోహంతో వెళ్ళినవాడు అక్కడ ఇంకేదో తెలుసుకుని వస్తాడు.

సుధ: తెలుసుకుని వస్తే బాధే లేదు. రోడ్డు నెంబర్ 163 మీద మెక్సికన్ హ్యాట్ దగ్గర చూశారుగా. 'ఫారెస్ట్ గంప్' సినిమాలో హీరో పరుగు ఆపిన చోటని హైవే మధ్యలో నిలబడి ఫోటోలు. లారీలు హారన్ కొడుతున్నా కదలరు. లోయ వాళ్ళ వెనక పది మైళ్ళ దూరంలో ఉంది. అందులో ఎంతమంది అక్కడి దాకా వెళ్ళారంటారు?

బాబాయి: ఆ మూకని నా ఖాతాలో వెయ్యకు. నేను ఫోర్డ్ మనిషిని. ఇంకొకటి చెప్తాను, నీకు నచ్చుతుంది. 'షయాన్ ఆటమ్' 1964లో వచ్చింది, షయాన్‌ల వైపు నుంచి చెప్పాలని తీశాడు. పెద్ద వేషాలు మాత్రం రికార్డో మాంటల్‌బాన్, గిల్బర్ట్ రోలండ్ వంటి మెక్సికో వాళ్ళకి ఇచ్చాడనుకో. చుట్టూ షయాన్‌లుగా నిలబడింది మన నవాహోలే. వాళ్ళు గంభీరంగా మొహం పెట్టి తమ భాషలో డైలాగులు చెప్తారు. ఫోర్డ్‌కి ఆ భాష రాదు. వాళ్ళు చెప్పింది స్క్రిప్టులోది కాదని, బూతు జోకులని, తర్వాత నవాహో ప్రేక్షకులు ఆ సినిమా చూసి పడీ పడీ నవ్వారని చెప్పుకుంటారు.

సుధ: నిజంగానా?

బాబాయి: చాలామంది రాశారు. హాలీవుడ్ డబ్బుతో హాలీవుడ్‌నే వెక్కిరించారు. నువ్వు వాళ్ళని ఉట్టి అమాయకుల్ని చేసి జాలిపడుతున్నావు. వాళ్ళకి అంతా తెలుసు.

సుధ: ఇంత సేపూ ఈ మాట దాచి పెట్టారా? ఇంటికెళ్ళగానే ఆ సినిమా పెట్టండి. మిగతా ఫోర్డ్ అంతా మీరే ఉంచుకోండి.

వాళ్ళిద్దరూ రాజీ పడలేదు. బాబాయిగారు ఇప్పటికీ ఫోర్డ్ లేకపోతే లోయ లేదంటారు, సుధ ఇప్పటికీ పళ్ళు కొరుకుతుంది. నా తీర్పు అడిగితే, సినిమా చూసి వెళ్ళడంలో తప్పేమీ లేదు. సినిమాలో చూసిందే మళ్ళీ చూసి రావడం మాత్రం డబ్బు దండగ. అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళని గ్రాండ్ కాన్యన్, యాంటిలోప్ కాన్యన్ తిప్పి, తిరుగుదారిలో ఇక్కడ అరగంట ఆపి సెల్ఫీ తీయించి తీసుకొచ్చేస్తున్నాం. అలా చేయకండి. ఒక రోజు ఉంచుకోండి. సందర్శకులు సొంత కారులో తిరగగలిగేది 17 మైళ్ళ మట్టిరోడ్డు ఒక్కటే, ఆ పైన లోపలికి నవాహో గైడు లేకుండా వెళ్ళనివ్వరు. కనుక గైడుని మాట్లాడుకోండి. సినిమాల గురించి ఒకటి, 1868 గురించి ఒకటి అడగండి. నీళ్ళు మీవి మీరు తీసుకెళ్ళండి. గేటు దగ్గర కట్టే రుసుము నవాహో నేషన్‌కి చేరుతుంది, అమెరికా నేషనల్ పార్కుల పాసు ఇక్కడ చెల్లదు.